రాయగడ పెళ్ళిలో కనబడని వియ్యపురాలు

రాయగడ మీదుగా కొరాపుట్ వెళ్ళాలనుకుంటున్నాం, దారీ బసా చెప్పండని ఈమధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. ఆ దారిన నేను వెళ్ళింది ఒక్కసారే, అదీ షికారుకు కాదు, పెళ్ళికి. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. అందరి చేతుల్లోకీ ఇంకా సెల్‌ఫోన్లు రాలేదు. బొబ్బిలి నుంచి మా పార్వతి పిన్ని పక్కింటికి ఫోను చేసి నన్ను పిలిపించి, "సుజి పెళ్ళి రాయగడలో సేస్తన్నారే. పెళ్ళికొడుకోళ్ళ ఊర్లోనే అవ్వాలంట. నువ్వు నాలుగు రోజులు సెలవెట్టి రా. మన వేపు నోరున్నదానివి నువ్వొక్కర్తివే" అంది. విజయనగరంలో ఆడపిల్లల బడిలో ఏళ్ళ తరబడి లెక్కలు చెబితే ఎవరి గొంతైనా అలాగే తయారవుతుంది. మెచ్చుకుందో వెక్కిరించిందో తెలియక సరేనన్నాను.

సుజి అంటే సుజాత, పిన్ని కూతురు. పెళ్ళికొడుకు పేరు గోపి. వాళ్ళ తాత ఎప్పుడో బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి చింతపండు, పసుపు కొనడానికి రాయగడ వెళ్ళి, అక్కడే హోల్‌సేల్ కొట్టు పెట్టి స్థిరపడ్డాడట. మూడు తరాలైనా ఇంట్లో మాట్లాడేది తెలుగే. కులమూ, ఇంటిపేరూ, దేవుడి గదిలో పటాలూ అన్నీ మావే. "మనోళ్ళే కదా" అని బాబాయి పెద్దగా ఆరా తియ్యలేదు. పిన్నికి మాత్రం రెండు విషయాలు మనసులో ముళ్ళలా గుచ్చుకుంటున్నాయి. గోపి అన్నకు ఆరేళ్ళ క్రితం పెళ్ళయితే, ఆ కోడలు కాపురానికొచ్చిన మూడో నెలలో పుట్టింటికి వెళ్ళిపోయి మళ్ళీ రాలేదు. ఇక పెళ్ళిచూపుల రోజున గోపి తల్లి వరలక్ష్మిగారు నోరు విప్పలేదు. పిల్ల ముఖమైనా సరిగ్గా చూడకుండా, తల వంచుకుని గుమ్మం వైపు చూస్తూ కూర్చుందట. "ఒక కోడలు నిలవని ఇల్లే అది. ఆవిడ ఎలాంటిదో నువ్వు మాటల్లో పెట్టి తెలుసుకో" అన్నది పిన్ని నాకు అప్పగించిన అసలు పని.

పెళ్ళి మాఘమాసంలో. ముందురోజు పొద్దున్నే విజయనగరంలో పాసింజరెక్కాను. టికెట్టు పాతిక రూపాయల లోపే, ప్రయాణం మూడున్నర గంటలు. బొబ్బిలిలో పెళ్ళివారు నలభైమంది పానకం బిందెలతో, సారె బుట్టలతో, ఒక హార్మోనియం పెట్టెతో సహా నా పెట్టెలోకే ఎక్కారు. పార్వతీపురం దాటాక రెండు వైపులా కొండలు దగ్గరికొస్తాయి. కూనేరు తర్వాత ఆంధ్రా అయిపోతుంది గానీ, రేగుపళ్ళు అమ్మే ముసలమ్మ మాటా, ఆవిడ పెట్టే కొసరూ మారవు. మీరు వెళ్ళేటప్పుడు తిండి కట్టుకుని వెళ్ళడం మంచిది. దారిలో టీ తప్ప నమ్ముకోదగ్గది ఏదీ దొరకలేదు. స్టేషన్ నుంచి ఊళ్ళోకి రిక్షా పది రూపాయలు, లాడ్జిలో ఇద్దరు పడుకునే గది నూటయాభై. దుకాణాల మీద బోర్డులు ఒడియాలో ఉన్నా, లోపలికి వెళితే బేరం తెలుగులోనే సాగింది. ఇదేం పరాయి ఊరు, మన పార్వతీపురానికి పెద్దక్కలా ఉందే అనుకున్నాను. ఆ అనుకోవడమే మా అందరి కొంప ముంచింది.

పెళ్ళిరోజు ఆరింటికే చలిలో వణుకుతూ మజ్జిగౌరమ్మ గుడికి వెళ్ళొచ్చాం. పొద్దున్నే వెళితే జనం ఉండరు, అరగంటలో దర్శనం అయిపోతుంది. ఏడింటికి కల్యాణమండపం వెనక వంటశాలలో కాఫీ కోసం నిలబడితే, అక్కడ పెద్ద గుండిగలో పప్పూ, కందా, అరటికాయా, గుమ్మడికాయా అన్నీ కలిపి ఉడుకుతున్నాయి.

"ఇదేం కూరండీ?" అని వంటాయన్ని అడిగాను.

"దాల్మా అమ్మా. ఇక్కడ పెళ్ళంటే ఇదుండాలి."

"తెలుగువాళ్ళ పెళ్ళికి కూడానా?"

ఆయన గరిట ఆపి నా వైపు వింతగా చూశాడు. "తెలుగోళ్ళే మరీ అడిగి సేయించుకుంటారు. ఈ ఊరి నీళ్ళు తాగేక ఈ ఊరి తిండి తినాల కదమ్మా" అన్నాడు. రుచి చూపించమంటే ఆకులో వేసి పెట్టాడు. చాలా బాగుంది. మరో గరిటెడు అడిగి తిన్నాను తప్ప, ఈ ఊరి నీళ్ళు తాగినవాళ్ళకు తిండితో పాటు ఇంకేమేం అలవాటయ్యాయో అడగాలని తోచలేదు.

ముహూర్తం పదకొండూ ఇరవైకి. ఎనిమిదిన్నరకు బాజాలతో పెళ్ళికొడుకు వాళ్ళు వచ్చారు. గుమ్మంలో అడుగు పెడుతూనే వాళ్ళ ఆడవాళ్ళంతా నాలుకలు ఆడిస్తూ ఒక్కసారిగా ఉలుఉలుమని అరిచేసరికి, హారతి పళ్ళెం పట్టుకున్న పిన్ని ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేసింది. పట్టుచీరలు, వడ్డాణాలు, తెలుగు ముఖాలు, నోట్లోంచి మాత్రం ఆ కూత. శుభమని అలా అరుస్తారట. అదే నాకు ఆ రోజు తగిలిన మొదటి దెబ్బ, అన్నిటికంటే చిన్నది కూడా అదే.

వియ్యపురాలికి పసుపు రాసి, కాళ్ళు కడిగి, పానకం ఇచ్చి, చీర పెట్టడం మావైపు మర్యాద. పిన్ని చీర పళ్ళెంలో పెట్టుకుని వరలక్ష్మిగారి కోసం ఆ గుంపంతా వెతికింది. ఆవిడ లేరు. వెనక వస్తున్నారేమోనని కాసేపు చూసింది. ఆఖరి రిక్షా కూడా ఖాళీ అయిపోయింది. ఇంతలో పెళ్ళికొడుకు మేనత్త ఒకావిడ ముందుకొచ్చి, తనకే ఇవ్వమన్నట్టు చెయ్యి చాపింది.

"వదినగారు ఏరండీ?" అంది పిన్ని.

"ఇంటికాడున్నాది."

"ఒంట్లో బాగులేదా?"

"బాగానే ఉన్నాది. ఆవిడ రాదు" అంది మేనత్త, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు.

నేను వెళ్ళి గోపి తండ్రి నారాయణ షావుకారు గారిని పట్టుకున్నాను. ఆయన బాజా వాళ్ళతో బేరం తేల్చుకుంటూ, నా వైపు తిరక్కుండానే, "ఆవిడ రాదమ్మా. మీరు కానియ్యండి" అని చెయ్యి ఊపేశాడు. గోపి అప్పటికే లోపల మంగళస్నానానికి కూర్చున్నాడు. పిన్ని పళ్ళెం కింద పెట్టేసింది. ముఖం పాలిపోయింది.

"సూసేవా, నేను సెప్పలేదూ?" అంది నా చెయ్యి పట్టుకుని. "పెద్దకోడల్ని ఎల్లగొట్టింది. పెళ్ళిసూపుల్నాడు మాటాడలేదు. ఇయ్యాళ ఊర్లోనే ఉండి, రెండు మైళ్ళు రావడానికి కాళ్ళు రాలేదా ఆవిడికి? ఇష్టం లేదని ఇంతకంటే ఎలా సెప్తారే? అప్పగింతలప్పుడు పాలల్లో ముంచిన నా పిల్ల సేతులు ఎవరి సేతుల్లో పెట్టాలి? ఆవిడొస్తేనే పెళ్ళి. లేదంటే నా పిల్లని తీసుకుని పాసింజరెక్కేస్తాను."

బాబాయి నచ్చజెప్పబోయాడు. పిన్ని వినలేదు. నాకూ రక్తం ఉడికిపోతోంది. ఏ ఊళ్ళోనైనా, ఏ కులంలోనైనా కొడుకు పెళ్ళికి రాని తల్లిని నేను చూడలేదు, వినలేదు. పెళ్ళికూతురి గదిలోకి తొంగిచూస్తే, సుజి బుగ్గచుక్కతో, బాసికంతో కూర్చుని, బయటి మాటలన్నీ వినబడి ఏడవకుండా ఉండడానికి కింది పెదవి కొరుక్కుంటోంది. ఇక ఆగలేకపోయాను. గోపి ఇల్లెక్కడో కనుక్కుని, తొమ్మిదింబావుకు రిక్షా ఎక్కాను.

రిక్షా అతను యాభై దాటిన మనిషి, లక్ష్మీపూర్ వైపు కొండ పల్లె నుంచి వచ్చి ఇక్కడ తొక్కుతున్నానన్నాడు. షావుకారు ఇంటికి పొమ్మంటే, "పెళ్ళి మండపంలో కదమ్మా, ఇంటికెందుకు?" అన్నాడు.

"పెళ్ళికొడుకు తల్లిని అడగడానికి. కొడుకు పెళ్ళికి రానంత గొప్పేమిటో!"

"పిల్లోడి అమ్మ పెళ్ళి ఎలా సూస్తాదమ్మా?" అన్నాడు తొక్కుతూనే. "సూడకూడదు కదా."

"ఎవరన్నారు?"

"ఎవురంటారు? ఒడియా ఇళ్ళల్లో అంతే. కొడుకు పెళ్ళి తల్లి సూడదు. ఇంటికాడ ఉపాసం ఉండి, కోడలొచ్చేక గుమ్మంలో ఎదురెల్లి దింపుకుంటాది. తల్లి సూస్తే దోసం."

"వాళ్ళు ఒడియా వాళ్ళు కాదయ్యా, తెలుగువాళ్ళు!"

"అయితే ఏటమ్మా?" అని అతను అమాయకంగా వెనక్కి తిరిగి చూశాడు.

అంతసేపు పళ్ళు నూరుకుంటూ కూర్చున్నదాన్ని, మార్కెట్టు వీధిలో ఉల్లిపాయల బస్తాలు చూస్తూ ఉండిపోయాను. ఈ ఊళ్ళో రిక్షా తొక్కే మనిషికి కూడా తెలిసిన సంగతి, నెలల తరబడి సంబంధం మాట్లాడుకున్న మాకు తెలియదు! వాళ్ళకు అది ఎంత అలవాటైపోయిందంటే, బొబ్బిలివాళ్ళకు తెలియదన్న ఊహే వాళ్ళకు రాలేదు. మనవాళ్ళే కదా అని మేమూ అడగలేదు, మీవాళ్ళమే కదా అని వాళ్ళూ చెప్పలేదు.

షావుకారు ఇల్లు మార్కెట్టు వెనక. కింద గోడౌను, పైన కాపురం. మెట్లెక్కుతుంటే చింతపండు పులుపు ముక్కులకు కొట్టింది. ఇల్లంతా నిశ్శబ్దం. వెనక వసారాలో వరలక్ష్మిగారు నేల మీద కూర్చుని, పారాణి కలిపిన పళ్ళేన్ని గుడ్డతో మూస్తున్నారు. పక్కన తెల్లచీర కట్టుకున్న ముసలావిడ ఒకరు, పొరుగింటి ఒడియా ఆవిడ. అందరూ ఆమెను మావుసి అంటారు, పిన్నమ్మ అన్నట్టు. వరలక్ష్మిగారిని చూశాను. ఈవిడా కోడల్ని వెళ్ళగొట్టింది? నలభై కిలోలైనా ఉండని మనిషి. గోడవార కొత్త దుప్పటి పరిచిన మంచం, ఖాళీ చేసిన బీరువా అర, అందులో విప్పని సబ్బు, దువ్వెన, కొత్త చెప్పుల జత.

"నేను సుజాత అక్కనండీ అత్తయ్యగారూ. మీరు రాకపోతే పెళ్ళి ఆగిపోతుంది" అని చెప్పేశాను. చుట్టూ తిప్పి మాట్లాడటం నాకు చేతకాదు.

ఆవిడ చేతిలోని గుడ్డ జారిపోయింది. "ఏటి? ఏటంటన్నావు అమ్మి?"

"మీకు ఇష్టం లేదని మా పిన్ని అనుకుంటోంది. పిల్లను తీసుకుని వెళ్ళిపోతానంటోంది."

"మా ఆయన సెప్పలేదా?"

"ఏమీ చెప్పలేదు. ఈ ఆచారం మాకు తెలీదు. ఇప్పుడే రిక్షా అతను చెప్పాడు."

ఆవిడ నుదురు కొట్టుకుని గోడకు జారగిలబడ్డారు. "నాకిష్టం లేకపోడవేటి తల్లీ! పెళ్ళిసూపుల్నాడు మీ గుమ్మంలో ఆ అమ్మి జోళ్ళు సూసి, ఎంత పాదవో కళ్ళతోనే కొలుసుకున్నాను. రాగానే కాళ్ళకేసుకుంటాదని కొన్నాను" అన్నారు ఆ చెప్పులు చూపిస్తూ. పెళ్ళిచూపుల్లో తల వంచుకుని గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నది అందుకట! నాకు సిగ్గేసింది. పొద్దున్నించి ఈవిణ్ణి ఎన్ని మాటలనుకున్నానో ఆ దేవుడికి తెలుసు.

"అయితే వచ్చేయండి. ఆచారాలదేముంది, ఒక్కరోజుకి పక్కన పెట్టండి" అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపారు. తర్వాత చెప్పింది వింటూ నేను ఆవిడ ఎదురుగా నేల మీదే కూర్చున్నాను.

"ఒకపాలి పక్కనెట్టేనమ్మా. మా పెద్దోడి పెళ్ళి పార్తీపురంలో అయ్యింది. ఆ వియ్యాలోరూ ఇలాగే రమ్మని బతిమాలేరు. నాకూ సూడాలనుంది. యెల్లేను. తాళి కడతంటే కళ్ళారా సూసేను. మూడో నెల్లో ఆ కోడలు యెల్లిపోయింది. ఆరేళ్ళయిపోయింది. నువ్వు సూసేవు గనకే కాపురం పోయిందని మా ఆయనంటాడు, మా ఆడబిడ్డంటాది, పండక్కొచ్చిన సుట్టాలంటారు. పెద్దోడు కూడా అంటాడు."

"అసలు ఆ అమ్మాయి ఎందుకు వెళ్ళిపోయింది?"

"పెద్దోడు తాగుతాడు" అన్నారు మామూలుగా. "తాగి కొట్టేవోడు. ఆ అమ్మి మంచిదే, నా కాళ్ళకి దణ్ణవెట్టి మరీ యెల్లింది."

ఇన్నేళ్ళు గడిచినా ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తాగి పెళ్ళాన్ని కొట్టింది కొడుకు. కాపురం కూలింది అందుకు. కానీ ఆ ఇంట్లో అందరూ కలిసి ఆరేళ్ళుగా తప్పంతా ఈవిడ కళ్ళ మీద వేశారు. ఈవిడ దాన్ని మోస్తోంది. బయట మేమేమో అత్తగారే కోడల్ని వెళ్ళగొట్టిందని తీర్మానించేశాం!

"మరి గోపి?" అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను, మా సుజి బతుకు కదా.

"ఈడు ముట్టడు. అన్నని సూసి ఆ వాసనంటేనే అసయ్యం ఈడికి. ఆ మాట నీకు ఒట్టేసి సెప్తాను."

"మీ వాళ్ళు చెప్పేదంతా మీరు నమ్ముతున్నారా అత్తయ్యగారూ?"

"నమ్మితే ఏటి, నమ్మకపోతే ఏటి? ఈడి కాపురం నిలబడాల. రేపు ఏ సిన్న తగువొచ్చినా మళ్ళీ నా మీదకే వస్తాది. అప్పుడు నేను బతకలేను."

గోడ గడియారం చూశాను. పదింబావు అయింది. "చూడకూడదన్నారు గానీ రాకూడదనలేదు కదా" అని గొణిగాను, నాలో నేనే అనుకున్నట్టు. అంతవరకూ తలవంచుకుని జపమాల తిప్పుతున్న మావుసి తలెత్తింది. ఆవిడకు తెలుగు బాగానే వచ్చు.

"దోసం కళ్ళకి" అంది వరలక్ష్మిగారి వైపు వేలు చూపించి. "చెవికి దోసం లేదు. వీపుకి దోసం లేదు. లేచి వెళ్ళు."

వరలక్ష్మిగారు లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకున్నారు. కింద అదే రిక్షా ఉంది. మేమిద్దరం దిగడం చూసి అతను కూడా బిత్తరపోయి, "తల్లిని తెచ్చేస్తన్నారా!" అన్నాడు. "తొక్కు నాయనా, సూడటానికి కాదులే" అన్నారు ఆవిడ. అతను ఇంకేమీ అడగలేదు. తిరుగు సవారీకి డబ్బులు కూడా తీసుకోలేదు, పెళ్ళికని.

మండపం గుమ్మంలో మమ్మల్ని చూడగానే వాళ్ళ ఆడవాళ్ళ మాటలు ఆగిపోయాయి. షావుకారు గబగబా వచ్చాడు. "ఎందుకొచ్చేవు? ఒకపాలి సేసింది సాలలేదా నీకు?" అన్నాడు, అంతమంది ముందు, పెద్దగా. ఆవిడ నా వెనక్కి నక్కారు. పిన్ని ఆ కేక విని బయటికొచ్చింది. నేను పిన్నిని పక్కకు లాగి, ఉన్నదంతా రెండు నిమిషాల్లో చెప్పాను. తెలుగు ఇంట్లో ఒడియా ఆచారం, పార్వతీపురం పెళ్ళి, పెద్దకొడుకు తాగుడు, కొత్త చెప్పులు. పిన్ని ముఖం రంగులు మారింది. వింటూ వింటూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బాబాయి వినవలసింది విని, గోపిని పక్క గదిలో కూర్చోబెట్టి ఏమడిగాడో, అతనేం చెప్పాడో నాకు తెలియదు గానీ, బయటికి వచ్చి పిన్ని వైపు చూసి తలాడించాడు.

పిన్ని వరలక్ష్మిగారి చెయ్యి పట్టుకుని వంటశాల వైపు నడిపించింది. మండపానికీ వంటశాలకీ మధ్య చిన్న వరండా ఉంది. అక్కడ గోడకు ఎదురుగా కుర్చీ వేసి, మండపానికి వీపు చేసి కూర్చోబెట్టింది. "ఇక్కడైతే బాజాలు వినబడతాయి వదినా. మీకేం దోసవుండదు" అని వచ్చి పీటల మీద కూర్చుంది. కన్యాదానం అయింది. జీలకర్ర బెల్లం పెట్టారు. పంతులుగారు మంగళసూత్రం పళ్ళెం అందరికీ చూపించి అక్షింతలు పంచుతుండగా, పిన్ని ఉన్నట్టుండి లేచింది.

"ఎక్కడికే, ముహూర్తవొచ్చేస్తంటే?" అన్నాడు బాబాయి.

పిన్ని జవాబు బాబాయికి చెప్పలేదు. ఎదురుగా ఉన్న షావుకారుకు చెప్పింది. "కన్నతల్లి సూస్తే దోసవైతే, నేనూ ఒక పిల్లని కన్నదాన్నే అన్నయ్యగారూ. ఆవిడ సూడకూడనిది నేనూ సూడను. రేపు ఏదైనా అయితే, ఏ తల్లి సూసిందని అంటారో అప్పుడు నేనూ సూస్తాను."

పిన్ని చరచరా వరండాలోకి వెళ్ళి, ఇంకో కుర్చీ లాక్కుని, వరలక్ష్మిగారి పక్కన గోడకు ఎదురుగా కూర్చుంది. కూతురి పెళ్ళి కోసం పదేళ్ళుగా చిట్టీలు కట్టిన మనిషి, ఏ కాసుల పేరు ఎప్పుడు వెయ్యాలో కాగితం మీద రాసుకున్న మనిషి! నాకు ఏడుపొచ్చేసింది. గట్టిమేళం మోగింది. అక్షింతలు పడ్డాయి. గోడ వైపు తిరిగిన ఆ రెండు వీపులూ చూస్తూ నిలబడ్డాను నేను.

"కట్టేసేడా?" అన్నారు వరలక్ష్మిగారు, వెనక్కి తిరక్కుండానే.

"మేళం మోగింది కదా. కట్టేసే ఉంటాడు వదినా" అంది పిన్ని.

ఆ తర్వాత జరిగిన వింతలు మమ్మల్ని కదిలించలేకపోయాయి. తాళి కట్టాక వాళ్ళు సుజి తమ్ముణ్ణి పిలిచి, పెళ్ళికొడుకు వీపు మీద ఒక గుద్దు గుద్దమన్నారు. బావమరిది గుద్దడం కూడా అక్కడి ఆచారమట. వాడు బిక్కమొహం వేసుకుని తండ్రి వైపు చూస్తే, "గుద్దమంటన్నారు కదా, గుద్దీరా. ఇయ్యాళ ఎవరూ ఏటీ అడగొద్దు" అన్నాడు బాబాయి. అప్పగింతల్లో పాలల్లో ముంచిన సుజి చేతుల్ని పిన్ని వరలక్ష్మిగారి చేతుల్లో పెట్టింది. ముహూర్తం అయిపోయింది కాబట్టి ఇక చూడొచ్చునట. ఆవిడ ముందు సుజి ముఖం చూశారు. షావుకారు దూరంగా నిలబడి, కండువా మడతలు పెట్టుకుంటూ విప్పుకుంటూ గడిపాడు. క్షమించమని అడిగాడా అంటే, లేదు. అలాంటివాళ్ళు అడగరు. కానీ ఆ రోజు మళ్ళీ ఆవిడ మీద ఒక్క కేక కూడా వెయ్యలేదు.

మర్నాడు కొత్త దంపతుల్ని కొరాపుట్ జగన్నాథుడి గుడికి తీసుకెళ్ళాలి. ఇద్దరు తల్లులతో పాటు నన్నూ లాక్కెళ్ళారు. రాయగడ నుంచి కొరాపుట్‌కు బస్సు ఉంది గానీ రైలే ఎక్కండి. అప్పటికి ఆ లైను ఇంకా కొత్తది. నాలుగున్నర గంటలు పట్టింది, టికెట్టు ముప్ఫై దాటలేదు. పొడుగు వంతెనలు, వరసగా సొరంగాలు, టికిరి దాటాక మబ్బులు కిటికీల దాకా వస్తాయి. ఉన్ని శాలువా లేకుండా మాఘంలో వెళితే పళ్ళు కొట్టుకుంటాయి. గుడి కొండ మీద, స్టేషన్ నుంచి ఆటోలో వెళ్ళాలి. మధ్యాహ్నం ప్రసాదం భోజనం పెడతారు, పన్నెండు లోపు చీటీ తీసుకోవాలి. ఇవన్నీ ఆ రోజు కాగితం మీద రాసుకున్నాను కాబట్టి చెప్పగలుగుతున్నాను. కిటికీలోంచి మాత్రం నేను చూసింది తక్కువే. ఎందుకంటే రైలు కదలగానే వరలక్ష్మిగారు నా వైపు జరిగి కూర్చుని, "సెప్పమ్మి. మొదట్నించీ సెప్పు" అన్నారు. పిన్ని కూడా ముందుకు వంగింది. ఇద్దరూ చూడలేదు కదా. పెళ్ళితెర పట్టిన దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఎవరు ఎక్కడ నిలబడ్డారో, సుజి ఎప్పుడు తలెత్తిందో, పంతులుగారు ఎక్కడ తడబడ్డారో అన్నీ చెప్పుకుంటూ వచ్చాను.

"తాళి కడతన్నప్పుడు మా వోడి సేతులు వణికేయా?" అని అడిగారు వరలక్ష్మిగారు.

ఆ క్షణంలో నేను అటు చూడలేదు. ఈ ఇద్దరి వీపులూ చూస్తూ ఉండిపోయాను. ఆ మాట చెప్పలేక నీళ్ళు నములుతుంటే, ఎదురు సీటులో సుజి పక్కన కూర్చున్న గోపి, పెళ్ళిలో రెండు ముక్కలు కూడా మాట్లాడని గోపి, మెల్లగా అన్నాడు.

"వణికేయమ్మా. మొదటి ముడి పడలేదు. నువ్వు ఎనకాల వరండాలో ఉన్నావని గుర్తొచ్చేక పడింది."

ఆవిడ కొంగుతో ముఖం కప్పేసుకున్నారు. సుజి లేచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది.

కొత్త ఊళ్ళో కొత్త వింతలుంటాయని ఎవరైనా సిద్ధపడే వెళతారు. నన్ను అదరగొట్టింది ఒడియా ఆచారం కాదు. ఆ ఆచారంలో తల్లి ఇంటి దగ్గర ఉపవాసముండి కోడలి కోసం ఎదురుచూడమని ఉందిగానీ, కొడుకు తాగుడును తల్లి కళ్ళ మీదకు నెట్టమని ఎక్కడా లేదు. ఆ పని చేసింది మన భాష మాట్లాడే మనవాళ్ళే. ఆవిణ్ణి చూడకుండానే ఆవిడ మీద తీర్పు చెప్పేసింది కూడా మన భాష మాట్లాడే మేమే, అందులో అందరికంటే పెద్ద గొంతు నాది. ఇక ఆ వైపు పెళ్ళికి వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగే సలహా ఒక్కటే. శుభలేఖలో ఎవరెవరు వస్తారో రాసి ఉంటుంది. ఎవరు రారో, ఎందుకు రారో, అది మాత్రం ముందే అడగండి. అదీ పెళ్ళి పెద్దల్ని కాదు, ఆ రాని మనిషినే వెళ్ళి అడగండి.